మూతలక్క అత్తగారి బీమా

మా కూల్‌డ్రింకుల కంపెనీలో సీసాలకు మూతలు బిగించే మెషీను నడిపే ఆవిడను అందరం మూతలక్క అంటాం. రోజంతా సీసాలకు మూతలేసే ఆవిడ నోటికి మాత్రం మూత వేయగలిగినవాడు ఇంకా పుట్టలేదు. పక్కనే లేబుళ్ళ మెషీను మీద ఉంటాను కాబట్టి ఆవిడ చీవాట్లలో సగం నావే.

మూతలక్క మొగుడు ఇంకెవరితోనో వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ మాత్రం కోడలి దగ్గరే ఉండిపోయింది. అత్తాకోడళ్ళకు క్షణం పడదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి తలుపు గడియ దాకా అన్నిటికీ గొడవే. అయినా శుక్లాలు ముదిరి ముసలావిడ గోడ పట్టుకుని నడుస్తుంటే మూతలక్కకు నిద్ర కరువైంది. త్వరగా ఆపరేషన్ చేయించకపోతే చూపు దక్కదన్నాడు డాక్టరు. ఆ ఖర్చు ఆవిడ జీతంతో అయ్యే పని కాదు.

సరిగ్గా అప్పుడే రోడ్డుకు అవతల మరో కూల్‌డ్రింకుల కంపెనీ వెలిసింది. మావాళ్ళు ఒక్కొక్కరే రోడ్డు దాటసాగారు. దాంతో మా యజమానికి ఉన్నట్టుండి మా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కుటుంబానికంతా ఆరోగ్య బీమా అన్నాడు, రాకపోకలకు వ్యాను అన్నాడు, నెలకో కేసు కూల్‌డ్రింకులు ఉచితమన్నాడు. మూతలక్క పరుగున పోయి మేనేజరుకి అత్త పేరు చెప్పింది.

"మీ ఆయనే లేనప్పుడు ఆవిడ మీకేమవుతుందమ్మా?" అన్నాడతను.

"వెళ్ళిపోయింది ఆయన సార్. ఆవిడ ఎక్కడికీ పోలేదు."

అతను చెడ్డవాడేం కాదు. గొంతు తగ్గించి, "పోనీ, అమ్మ అని చెప్పెయ్యండి. నేను చూసుకుంటా" అన్నాడు.

"నేనెందుకు అబద్ధమాడాలి? రేపు ఆసుపత్రిలో నిలదీస్తే దొంగనయ్యేది నేనేగా! అత్తను అత్తగానే చేర్చండి." అంతటితో ఆగక, తనకిచ్చిన కూల్‌డ్రింకుల కేసు తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. "మా ఇంట్లో ఉన్నది షుగర్ మనిషి. ఇవి మీరే తాగండి."

అత్త పేరు బీమాలోకి ఎక్కనే లేదు. నాకు తల బాదుకోవాలనిపించింది.

మరుసటి వారం, కొత్తగా చేరదలచిన ఆడవాళ్ళను పిలిచి యజమాని మీటింగు పెట్టాడు. పాత మనిషి నాలుగు మంచి మాటలు చెబుతుందని మూతలక్క చేతికి మైకిచ్చారు.

"వ్యాను టైముకే వస్తుంది. జీతం ఒకటో తారీఖునే పడుతుంది. అబద్ధం చెప్పను. కానీ బీమా దగ్గరికొచ్చేసరికి, నా చేతి అన్నం తినే మా అత్త నా కుటుంబం కాదట. మీ ఇళ్ళలో ఎవరెవరున్నారో చెప్పి, అడిగి మరీ చేరండి."

మేనేజరు మైకు కోసం చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు.

"ఇది తప్పయితే పొమ్మనండి, పోతా. రోడ్డు దాటడం నాకూ వచ్చు."

ముందు వరసలో ఒకమ్మాయి లేచింది. "మా అత్తమామలూ నా దగ్గరే ఉంటారు. వాళ్ళకీ ఇవ్వరా?" వెనక నుంచి ఇంకో గొంతు, "నన్ను పెంచింది మా పిన్ని. ఆవిడకో?" యజమాని మొహం మాడిపోయింది. చూద్దామన్నాడు.

"ఎప్పుడు చూస్తారు? మా అత్త కళ్ళు పోయాకా?" అంది మూతలక్క మైకులోనే.

చేరడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. వాళ్ళు గుమ్మం దాటకముందే, ఇంట్లో ఉండే పెద్దవాళ్ళెవరినైనా బీమాలో చేర్చుకుంటామని యజమాని ఒప్పుకున్నాడు. నా ఆనందం ఇంతా అంతా కాదు.

కంటి కట్టు విప్పిన రోజు నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. ముసలావిడ కోడలి మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది.

"ఇదేంటే, ఇంతలా చిక్కిపోయావు? అసలు తింటున్నావా?"

మూతలక్క గబగబా కళ్ళు తుడుచుకుంది. "కళ్ళొచ్చాయో లేదో మొదలెట్టారూ! లేవండత్తయ్యా, మిగతాది ఇంటికెళ్ళి తిడుదురుగాని."