కంకణం కట్టిన నట్టు

1991లో దసరా వెళ్లాక, నవంబరు మొదటివారంలో నన్ను నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ జిల్లాకు డిప్యుటేషన్ మీద పంపారు. నేను పశువైద్యం చదివి, పాల సంస్థలో క్వాలిటీ కంట్రోల్ ఆఫీసరుగా చేరినవాణ్ణి. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది. నా కింద ఒక ల్యాబ్ అసిస్టెంటు ఉండేవాడు, నా పైన ఎవరెవరు ఉండేవారో విరమణ నాటికి కూడా నాకు పూర్తిగా తెలియలేదు. వెళ్లాల్సింది జడ్చర్ల దాటి అచ్చంపేట వైపు పోయే దారిలో ఉన్న ఒక పాల శీతలీకరణ కేంద్రానికి. ఊరి పేరు చెప్పను. నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను గానీ, అక్కడివాళ్లు కొందరు ఇంకా సర్వీసులోనే ఉన్నారు. వాళ్లకు మా ఇల్లు తెలుసు.

శీతలీకరణ కేంద్రమంటే పెద్ద కార్ఖానా కాదు. చుట్టుపక్కల ఊళ్లలో పాల సంఘాలుంటాయి. పొద్దున పితికిన పాలను క్యాన్లకెత్తి లారీలో పంపుతారు. కేంద్రంలో ఊరివారీగా ఆ పాలను తూకం తొట్లో పోసి, తూచి, పరీక్షకు కొంచెం పట్టి, చల్లబరిచి ట్యాంకరుకెత్తి హైదరాబాదు పంపాలి. ఆ శరదృతువులో మా ట్యాంకరు నగరం చేరేసరికి పాలు కాచగానే విరుగుతున్నాయి. హైదరాబాదులో చాయ్ విరిగితే ప్రభుత్వం కూడా విరుగుతుందని మా డిప్యూటీ డైరెక్టరు గారి గట్టి నమ్మకం. అందుకే నన్ను పంపారు.

నేను వెళ్లేసరికి నేరస్థుడు దొరికిపోయాడు. కేంద్రం మేనేజరు సుదర్శనం గారు కుర్చీలోంచి లేవకుండానే పట్టేశారు. ఎర్రకుంట అనే ఊరి పాలు రోజూ నీలి పరీక్షలో తప్పుతున్నాయి. నీలి పరీక్షంటే, గొట్టంలో పాలు పోసి చుక్క నీలిరంగు కలిపి గోరువెచ్చని నీళ్లలో నిలబెడతాం. పాలలో సూక్ష్మజీవులు ఎంత ఎక్కువుంటే రంగు అంత తొందరగా పోతుంది. మంచి పాలలో మధ్యాహ్నం దాకా నిలిచే నీలం ఎర్రకుంట పాలలో చాయ్ తాగి వచ్చేలోపు మాయమవుతోంది. శనివారంతో ఆ సంఘాన్ని జాబితా నుంచి తీసేయాలని ఉత్తర్వు టైపు కూడా అయింది. నా సంతకం ఒక్కటే బాకీ. "మీరు శ్రమ పడకుండ అన్నీ తయారు పెట్టిన" అన్నారు సుదర్శనం గారు. విబూది పెట్టుకున్న నుదురు, నెమ్మదైన మాట, చేతిలో పెన్ను.

పెన్ను తీసుకోకుండా జీపెక్కాను. ధర్మబుద్ధితో కాదు, ఆ రోజు ఆయన గదిలో ఫ్యాను తిరగడం లేదు.

ఎర్రకుంటలో సంఘం అధ్యక్షురాలు యాదమ్మ. ఆ ఊళ్లో బోర్లు ఎండిపోయి పంటలు పోయాయి. మగవాళ్లలో సగంమంది మట్టిపనికి వలస వెళ్లారు. బ్యాంకు అప్పు తెచ్చి బర్రెలు కొన్న ఇళ్లకు లారీ ఆగితేనే పొయ్యి వెలుగుతుంది. లారీ ఆగకపోతే బర్రెలు జడ్చర్ల సంతకు పోతాయి. ఆ సంగతి యాదమ్మకు నాకంటే ముందే తెలుసు, అయినా కాళ్లమీద పడే మనిషి కాదు.

నా మొదటి అనుమానం పొదుగువాపు మీద. ఆ రోగంలో సూక్ష్మజీవులు పొదుగు లోపల ఒక జిగురు పొర అల్లుకుని అందులో దాక్కుంటాయి. సూదిమందు పైపైన తగులుతుంది, పొరకింద ఉన్నవి బతికి మళ్లీ లేస్తాయి. పైకి చూస్తే బర్రె బాగానే ఉంటుంది. అందుకని ప్రతి బర్రె దగ్గరా కూర్చుని, నాలుగు చన్నుల పాలూ వేరువేరుగా పళ్లెంలో పిండి, మందు కలిపి తిప్పాను. రోగముంటే పాలు గంజిలా చిక్కబడతాయి. పొద్దంతా ఇదే పని. యాదమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"సంబంధం చూడొచ్చినవా సార్, గంతగనం చూస్తున్నవు? నచ్చిందో లేదో చెప్పు, దానికి వేరే పనులున్నయి."

నచ్చిందన్నాను. ఊరి మొత్తంలో ఒక్క బర్రెకే పొదుగు చెడింది. దాని పాలు కేంద్రానికి పంపకుండా అప్పటికే వేరుగా పారబోస్తున్నారు. క్యాన్లు కడిగి ఎండలో బోర్లించి ఉన్నాయి. ఒకదాన్లో తొంగి చూసి మీసం సవరించుకున్నాను, అంత మెరుపు. ఇక్కడ తప్పేమీ దొరకలేదని చెబితే యాదమ్మ సంతోషించలేదు.

"తప్పు లేదని మీరు ఈడ చెప్తరు, ఆడికి పోయి సంతకం పెడ్తరు. మీ సార్ల నోరు జీపు ఎక్కినంక మారుతది."

మరునాడు గురువారం లారీకి దారిలో టైరు పేలింది. ఎప్పుడూ అందరికంటే ముందొచ్చే ఎర్రకుంట పాలు ఆ రోజు అన్నిటికంటే చివర వచ్చాయి. పరీక్షలో వాటి నీలం మధ్యాహ్నం దాటినా చెక్కుచెదరలేదు. వాటికి బదులు ఆ రోజు ముందొచ్చిన పక్కూరి పాలు తెల్లబోయాయి. సుదర్శనం గారు ఆలోచించి, ఎర్రకుంట రోగం పక్కూరికి అంటుకుందని తేల్చారు. బర్రెలు చుట్టరికాలకు పోవు కదండీ అన్నాను. మేతకు పోతాయి కదా అన్నారు. శుక్రవారం నేను కావాలనే ఎప్పుడూ మధ్యలో పోసే మూడో ఊరిని ముందు పోయించాను. అదీ తప్పింది. ఇక అర్థం కానిదేముంది, ఎవరు ముందు పోస్తే వారే పాపులు. రాత్రంతా మా కేంద్రంలోనే ఎక్కడో ఏదో పెరుగుతోంది, పొద్దున మొదట వచ్చిన పాలు దాన్ని కడుక్కుని పోతున్నాయి. తర్వాతి ఊళ్లకు మిగిలేది తక్కువ గనుక వాళ్లు పరీక్షలో గట్టెక్కుతున్నారు. అన్నీ కలిసి ట్యాంకరులో హైదరాబాదు దాకా ఊగేసరికి ఆ కాస్తా పెరిగి పాలను విరిచేస్తోంది.

అయితే కేంద్రం చూస్తే అద్దంలా ఉంది. ప్లాంట్ ఆపరేటరు ఖాజామియా నేలను తన ఇంటి ముందరి అరుగుకంటే శుభ్రంగా ఉంచే మనిషి. ఆయన గచ్చు కడిగాక ఈగలు చెప్పులు విప్పి లోపలికి వచ్చేవి, నేను చూశాను. నిబంధన ప్రకారం రోజూ పాలు పోయాక గొట్టాల జాయింట్లన్నీ నట్లు విప్పి, రబ్బరు వాషర్లు తీసి, బ్రష్షుతో తోమి, కాస్టిక్ సోడా నీళ్లతో, తర్వాత మరిగే నీళ్లతో కడగాలి. ఆయన ఒక్కో నట్టూ విప్పుతుంటే వెంట తిరిగాను. అన్నీ విప్పాడు, ఒక్కటి తప్ప. తూకం తొట్టి అడుగున ఒక కుళాయి ఉంటుంది. పాలన్నీ దాని గుండానే దిగాలి, పరీక్షకు పాలు పట్టేదీ దాని కిందే. ఆ కుళాయి నట్టు మీద పసుపు దారం మెలికలు తిరిగి, ఎండిన మామిడాకుతో, కుంకుమబొట్టుతో కొత్త పెళ్లికొడుకులా ఉంది.

దీన్నెందుకు విప్పవని అడిగాను. ఖాజామియా గొంతు తగ్గించాడు.

"ఆయుధ పూజ నాడు మేనేజర్ సాబ్ కట్టిండ్రు సార్. పోయినేడు మోటరుకు కట్టిండ్రు, ఈ యేడు పాలన్నీ పోయే జాగా అని దీనికి కట్టిండ్రు. మళ్ల దసరా దాంక ఎవ్వరు ముట్టొద్దన్నరు. నేను ఇప్పితే, రేపు లారీ బోల్తా పడ్డా నా మీదికే వస్తది. నా నౌకరి, నా ఇజ్జత్ గా దారానికే ఏలాడుతున్నయి. జర మీరే ఇప్పుండ్రి."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

సుదర్శనం గారికి విషయం విన్నవించాను. దేవుని దారం వల్ల పాలు విరుగుతున్నాయా అని ఆయన నన్ను ఎగాదిగా చూశారు. దారం వల్ల కాదు, దాని కింద నట్టు విప్పకపోవడం వల్ల అన్నాను. సోడా నీళ్లు రోజూ దాని గుండా పోతూనే ఉన్నాయి కదా అన్నారు. అది నిజమే. అసలు కథ అక్కడే ఉంది. బయోఫిల్మ్ అనే మాట అప్పటికి మా జిల్లా దాకా రాలేదు గానీ, ఆ పురుగు వచ్చేసింది. సర్కారు జాగాలో గుడిసెలు వేసినట్టు, వాషరు సందులో మొదట కొన్ని సూక్ష్మజీవులు దిగుతాయి. పాల జిడ్డు తింటూ జిగురు ఊరుస్తాయి. ఆ జిగురే వాటికి గోడ, కప్పు. సోడా నీళ్లు పోలీసుల్లా వచ్చి పైవాళ్లను నాలుగు తగిలించి పోతాయి, లోపలివాళ్లు తలుపేసుకుని కూర్చుంటారు. బ్రష్షు పెట్టి గీకితే తప్ప ఆ బస్తీ ఖాళీ కాదు. ఇదంతా వివరిస్తే ఆయన ఓపికగా విని, పెన్ను నా వైపు జరిపారు.

హోదా ప్రకారం ప్లాంటు ఆపించే అధికారం నాకుంది. కానీ దేవుడి దారం తెంపించానని ఆయన పైకి ఒక్క ఫిర్యాదు పంపితే, విచారణ తేలేలోపు ఆ ఉత్తర్వు మీద ఇంకెవరో సంతకం పెడతారు, యాదమ్మ ఊరి బర్రెలు సంత దాటుతాయి. అందుకని నాకు బాగా వచ్చిన విద్యనే నమ్ముకున్నాను. కుర్చీ దగ్గరకు లాక్కుని నల్లగొండ జిల్లా పంపు కథ చెప్పాను.

అక్కడ ఒక కేంద్రంలో ఇలాగే పంపుకు కంకణం కట్టి మరిచిపోయారని మొదలుపెట్టాను. కంకణమంటే దీక్ష కదా, దీక్షకు ముగింపు ఉండాలి కదా. పెళ్లికొడుకు కంకణమే పదహార్రోజుల పండుగకు విప్పుతారు. అక్కడ విప్పలేదు. పంపు ఉపవాసం పట్టింది. స్విచ్చు వేస్తే తిరుగుతుంది, పాలు మాత్రం ముట్టదు. నీళ్లు పోస్తే తాగుతుంది. ఒక శనివారం అరటిపండు పెడితే లోపలికి లాగేసింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజినీరు దండం పెట్టి వెళ్లిపోయాడు.

సుదర్శనం గారు నవ్వలేదు. "మరి దోషం ఎవరికి తగిలింది?" అని మాత్రం అడిగారు.

"కట్టినవారికే సార్. మేనేజరుకు బదిలీ అయింది."

"యాడికి?"

"ఆదిలాబాదు అవతలికి. అది కేంద్రం కూడ కాదు సార్, చెక్‌పోస్టు."

ఆయన లేచి అటెండరును పిలిచి కొబ్బరికాయ తెమ్మన్నారు.

శనివారం పొద్దున పాలు రాకముందే కంకణ విసర్జన అనుకున్నాం గానీ, లారీ ఆ రోజు తొందరగా వచ్చింది. డ్రైవరు పక్కనుంచి యాదమ్మ దిగింది, వెనక క్యాన్ల మధ్యలోంచి ఊరి ఆడవాళ్లు దిగారు. సంతకం ఎవరు పెడతారో ముఖం చూసిపోదామని వచ్చారట. వాళ్ల ముందే సుదర్శనం గారు కాయ కొట్టి, మంత్రం చదివి, తన చేత్తోనే దారం విప్పారు. ఖాజామియా బిస్మిల్లా అని స్పానరు పెట్టాడు.

నట్టు ఊడింది. వాషరు కనబడలేదు. దాని జాగాలో బూడిద పసుపు రంగులో, జారుతూ, మీగడకు దూరపు చుట్టంలా ఒక ముద్ద ఉంది. వాసన గదంతా నిండింది. గోడమీది బల్లి అప్పుడే వెళ్లిపోయింది, నేను ఆ కేంద్రంలో ఉన్నన్నాళ్లూ మళ్లీ రాలేదు. అటెండరు కొబ్బరిచిప్పలతో సహా బయటికి పరిగెత్తాడు. యాదమ్మ ఒక్కతే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గరికొచ్చింది.

"గిదా మా ఊరి పాపం? దీన్నా మేము రోజు పాలు పోసి సాదుతున్నది? పుట్టల పోసినా పుణ్యమన్న దక్కుతుండె."

ఖాజామియా ముద్దను గీకి, నట్టు, కుళాయి, గొట్టం మూతి బ్రష్షుతో తోమి, సోడా నీళ్లు, మరిగే నీళ్లు పోసి, కొత్త వాషరు వేశాడు. తర్వాత ఏ ఊరి పాలు ముందు పోయాలన్న ప్రశ్న వచ్చింది. మావే పోయండి అంది యాదమ్మ. ఇంకో ఊరివి పోసి చూద్దాం, ఏమైనా మిగిలి ఉంటే మీకు ప్రమాదం అన్నాను. వినలేదు.

"ఎన్కకు పోసి గెలిస్తె ఎన్క పోసినందుకే గెల్శిన్రంటరు. ముందుగాలనే పొయ్యిండ్రి."

పాలు పోసి, పట్టి, నీలం కలిపి నీళ్లలో నిలబెట్టాం. యాదమ్మ ల్యాబు గడప మీద కూర్చుంది. ఆమెకు ఆ గొట్టం ఒక్కటే కనబడుతోంది. చాయ్ ఇస్తే వద్దంది. మిగతావాళ్లు లారీ నీడలో కునికారు. అంతసేపూ నేను కూడా కబుర్లు చెప్పలేకపోయాను. నా ఉద్యోగంలో అలాంటి పూటలు అరుదు. పక్క ఊళ్ల గొట్టాలు నీలంగా ఉన్నాయి. ఎర్రకుంట గొట్టంలో ఒకసారి నీలం పల్చబడినట్టు అనిపించి లేచి చూశాను. కిటికీలోంచి పడిన ఎండ అది. మధ్యాహ్నం దాటింది. నీలం నిలిచింది.

సుదర్శనం గారు వచ్చి చూసి, గొంతు సవరించుకుని, టైపు చేసిన ఉత్తర్వును నాలుగు ముక్కలు చేశారు. "ఈ దఫాకు మీ సంఘాన్ని క్షమిస్తున్న" అన్నారు.

యాదమ్మ చీర దులుపుకుని లేచింది. "మమ్ములను క్షమించుడేంది సార్? మేమేం జేసినమని? నోటీసు ఇచ్చేదుంటె గా నట్టుకు ఇయ్యిండ్రి." ఖాళీ క్యాన్లు ఎక్కించుకుని వాళ్లు వెళ్లిపోయారు. సోమవారం కూడా ఎర్రకుంటలో లారీ ఆగింది.

ఆ తర్వాత విరమణ దాకా ఎన్ని కేంద్రాలు తనిఖీ చేసినా, మీరేది బాగా కడుగుతారని నేను అడగలేదు. అది చెప్పడానికి అందరూ సిద్ధంగానే ఉంటారు. మీరేది విప్పరు అని అడిగేవాణ్ణి. ప్రతిచోటా ఒకటి ఉండేది. కొన్నిచోట్ల దానికి కారణం భక్తి, చాలాచోట్ల సరైన సైజు స్పానరు లేకపోవడం. సూక్ష్మజీవులు రెండుచోట్లా ఒకేలా పెరిగాయి.