రాగి తీగ మీద పడిన నింద

నాలుగు నెలల్లో మూడోసారి అదే మోటారును గురుమూర్తి ఆటోలోంచి దించుతుంటే ఇంద్రాణికి ఒళ్లు మండిపోయింది. హోసూరు ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు మోటార్లకు తీగ చుట్టి, ఆ పనితనంతోనే రాయకోట బస్టాండు పక్కన అంగడి పెట్టుకున్న మనిషి ఆమె. ఇన్నేళ్లలో ఆమె చుట్టిన ఏ మోటారూ ఇలా వెంటవెంటనే తిరిగి రాలేదు.

"మళ్లీ కాలిపోయింది కదమ్మా! రాగి అని చెప్పి అల్యూమినియం చుట్టినావు. టీ అంగడికాడ అందరూ అదే అంటా ఉండారు," అన్నాడు గురుమూర్తి.

"అందరూ అంటా ఉండారా, నువ్వే అందరికీ చెప్పినావా?"

ఆమె మోటారు విప్పి, మాడిన తీగను ఒకటి తుంచి చూపించింది. లోపలంతా ఎర్రగానే ఉంది.

"రంగు పూసింటారేమో."

"లోపలికంటా రంగు ఎట్ల పూస్తారప్పా? పట్టుకో, బరువు చూడు. ఇంతే లావు అల్యూమినియం దీంట్లో మూడో వంతు కూడా తూగదు."

అతను చేతిలో ఆడించి చూసి, తీగను బల్ల మీద పడేశాడు. ఇంద్రాణి ఇక ఉండబట్టలేక అంగడికి తాళం వేసి, అదే ఆటో ఎక్కింది. "పా, నీ తోటకే పోదాం. మోటారుకు కరెంటు ఎట్ల వస్తా ఉందో చూస్తాను."

కెలమంగలం దాటాక టమాటా తోట. స్టార్టర్ పెట్టె దగ్గర ఆమె ముందు కరెంటు ఆపి, టెస్టర్‌తో చూసుకుని, నల్ల టేపు విప్పింది. స్తంభం నుంచి వచ్చిన అల్యూమినియం తీగను, మోటారుకు పోయే రాగి తీగను ఎవరో చేత్తో మెలిపెట్టి వదిలేశారు. ఒక అతుకు మాడి, తెల్లటి పొడి రాలుతోంది.

"ఇది ఎవరు చేసినారు?"

"నేనే. రెండూ కరెంటు తీగలే కదా?"

ఇంద్రాణి నుదురు పట్టుకుంది. "అల్యూమినియానికి గాలి తగిలితే పైన పొర కడుతుంది, దాంట్లో కరెంటు సరిగ్గా పారదు. వేడెక్కితే రాగి కంటే ఎక్కువ ఉబ్బుతుంది, చల్లారితే అతుకు వదులైపోతుంది. మూడు తీగల్లో ఒకటి ఇట్ల తెగితే మోటారు మిగిలిన రెండింటి మీదే మూలుగుతా తిరిగి కాలిపోతుంది. నేను బంగారంతో చుట్టినా కాలుతుంది!"

ఒక కొస రాగి, ఇంకో కొస అల్యూమినియం ఉండే, రెండు తీగలనూ కలిపి బిగించే లగ్గులు సంచిలోంచి తీసి, మూడు అతుకులూ బిగించింది. మోటారు మళ్లీ చుట్టి వారంలో పంపింది. అది ఇప్పటికీ నడుస్తోంది.

గురుమూర్తి తప్పు ఒప్పుకోలేదు. కానీ ఆ చుట్టుపక్కల ఎవరి మోటారు కాలినా ముందు అతుకు చూసుకోమని చెబుతున్నాడు. ఆ సంగతి తానే కనిపెట్టినట్టు చెబుతున్నాడని కెలమంగలం నుంచి వచ్చిన కాళమ్మ అంటే, తీగ చుడుతున్న ఇంద్రాణి విసుగ్గా ఒక నిట్టూర్పు విడిచింది.

"చెప్పుకోనీలే కాళమ్మా. టేపు చుట్టి చేతులు దులుపుకోకుంటే అదే పదివేలు," అంటూ తెగిన తీగ కొసను పళ్ల మధ్య పట్టుకుని, మళ్లీ పనిలో పడింది.