ఉస్తి వత్తలకు పడని గాలి

మా మేనత్త చేతిలో పడితే ఉస్తికాయ చేదు కూడా బుద్ధిగా ఉండేది. మేట్టుపాళయంలో గోదాముల గోడల వెంట ఎవరూ నాటకుండానే మొలిచే ముళ్ళపొదలవి. కాయలు బఠాణీగింజంత, గుత్తులు గుత్తులుగా కాస్తాయి. తమిళ మాసి నెలలో, ఎండ ముదరకముందే అత్త సంచి పట్టుకుని బయల్దేరేది. తెచ్చిన కాయలను చితగ్గొట్టి, గింజలు కడిగేసి, ఉప్పేసిన పుల్ల మజ్జిగలో నానబెట్టేది. పగలు ఎండలో, రాత్రి మళ్ళీ అదే మజ్జిగలో. మజ్జిగంతా ఇంకిపోయాక గలగలమనేదాకా ఎండాలి. అలా ఎండినవాటిని మా ఇళ్ళల్లో వత్తలంటాం. వేసవి వచ్చిందంటే గోరిమేడులో చాలామంది అత్త దగ్గరే కొనేవారు.

కిందటేడు గోరిమేడులో ఆమె అద్దెకుంటున్న ఇల్లు పడగొట్టారు. నేనే పోయి, సముద్రం ఒడ్డున వైతికుప్పం పక్కనున్న మా ఇంటికి పిలుచుకొచ్చాను. వచ్చిన రోజే ఒక మాట అనేసింది.

"వత్తలు బాగొస్తే ఉంటా. లేదంటే గోరిమేడులోనే ఒక రూము చూసుకుంటా. ఊరికే కూచోని తినేది నాకు చేతగాదు."

నాకు ఒళ్ళు మండింది. తమ్ముడి ఇంట్లో తినడానికి కూడా షరతులా? కానీ అత్తతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు. ఆమె నిజంగానే వెళ్ళిపోతుందని భయం కూడా వేసింది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగింది ఆమే.

మేడమీద చాప పరిచి వత్తలు పోసింది. రోజంతా ఎండ మాడ్చేసేది. సాయంత్రం తీసి దాస్తే, తెల్లారేసరికి మెత్తగా, నోట్లో నములుతున్న తోలులాగా ఉండేవి. మళ్ళీ ఎండ, మళ్ళీ మెత్తన. అత్త సముద్రాన్ని తిట్టింది, మజ్జిగను తిట్టింది, చివరికి పాలు పోసేవాణ్ణీ వదల్లేదు. సంచిలో చీరలు సర్దడం నేను చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుండగా, ఆరిన బట్టలు తేవడానికి మేడెక్కిన అమ్మ వత్తలు కూడా ఎత్తి తెచ్చేసింది. వేడి తగ్గాక గుడ్డలో మూటగట్టి బియ్యం డబ్బాలో దాచింది. ఎండుతున్న వత్తలమీద ఇంకొకరి చెయ్యి పడకూడదని, పడితే బూజు పడుతుందని అత్త పట్టింపు. ఇన్నేళ్ళలో అమ్మ వాటిని వేలితో కూడా తాకలేదు.

అత్త లేచి, ఖాళీ చాప చూసి కిందికొచ్చింది.

"ఎవురు ఎత్తింది?"

"నేనే వొదినా," అంది అమ్మ. "మద్యాన్నం పైన యీడ కడలుగాలి తిరుగుతాది. అప్పుడు బట్టలే చెమ్మగిల్లతాయి. ఉప్పు పట్టినవి యాడ ఎండుతాయి?"

అత్త మేడెక్కి ఖాళీ చాప చుట్టేసింది. ఆ రాత్రి అన్నం కూడా గోడవైపు తిరిగి తింది. నేను వంటింట్లో అమ్మను నిలదీశాను, ఇంత తెలిసీ మొదటిరోజే ఎందుకు చెప్పలేదని.

"ఆమె నన్ను అడగలా," అంది అమ్మ.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ విషయంలో అది అక్షరాలా నిజం. ఇద్దరికీ ఒక దండం పెట్టి పడుకున్నాను.

పొద్దున్నే డబ్బా మూత చప్పుడుకు మెలకువ వచ్చింది. అత్త గుప్పెడు వత్తలు చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తోంది. గలగలమంటున్నాయి. ఒకటి నోట్లో వేసుకుని కరకరా నమిలింది. మూటలో మిగిలినవాటికి ఇంకో ఎండ తగిలించడానికి మేడెక్కింది.

ఆ మధ్యాహ్నం అమ్మ పులుసుకు తిరగమోత పెడుతోంది. పైనుంచి అత్త గొంతు వినిపించింది.

"ఏమ్మే, గాలి తిరిగేట్టుంది. నువ్వే వచ్చి ఎత్తు."

అమ్మ పొయ్యి ఆపేసి, చెయ్యి కడుక్కుని, కొంగుతో రెండుసార్లు తుడుచుకుని మెట్లెక్కింది.