కుజుడి బండికి బొట్టు

అరవై దాటాక అక్షరాలు దిద్దాను. నేర్చినవి వాడకపోతే తుప్పు పడతాయి, అందుకే రాస్తున్నాను. నా మనవరాలు ఇక్కడ బెంగాల్లోనే పుట్టి పెరిగింది, యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుతోంది గానీ దానికి తెలుగు చదవడం రాదు. ఇది దానికి నేనే వినిపించాలి.

మా వాళ్లకు కుజుడంటే పెళ్లి సంబంధాలు చెడగొట్టేవాడు. మనవరాలికి మాత్రం బండి నడపాల్సిన నేల. అలాంటి నేల మీద తనంతట తానే తిరిగే ఆరు చక్రాల బండిని అదీ, దాని తోటి చదివే ఇద్దరు బెంగాలీ పిల్లలూ, ఓ పొడుగాటి కుర్రాడూ ఓ అమ్మాయీ, ఏడాదిగా తయారుచేస్తున్నారు. విద్యార్థుల పోటీకి ఎంపిక కావాలంటే ఆ బండి ఇసుకదిబ్బ ఎక్కి, పైనున్న పచ్చ డబ్బాను పోల్చుకుని ఆగాలి. ఆ వీడియో సాయంత్రంలోగా పంపాలి. లేకపోతే ఏడాది పని బూడిదే.

ఆ రోజు విశ్వకర్మ పూజ. యూనివర్సిటీ వర్క్‌షాపుకు తాళం. మా కార్పొరేషన్ క్వార్టర్స్ వెనక రోడ్డు పనికి పోసిన ఇసుక ఉందని, బండిని టోటో అనే బ్యాటరీ రిక్షాలో పెట్టుకుని వచ్చేశారు.

"ఈయేల యంత్రం ముట్టుకోకూడదే గుంటా" అన్నాను. మా ఆయన లిలువా రైల్వే వర్క్‌షాపులో చేసినన్నాళ్లూ, ఈ పండగనాడు సుత్తిని కూడా కడిగి, సిందూరం పెట్టి, పడుకోబెట్టేవాడు. మర్నాడు గానీ ముట్టేవాడు కాదు.

"రేపయితే గడువైపోద్ది మామ్మా!"

"అయితే బొట్టయినా ఎట్టనీ. బొట్టు నేకుండా నా గుమ్మంలో సక్రం కదలదు."

మనవరాలు సరేనని ల్యాప్‌టాప్‌లో తల దూర్చింది. నేను నూనెలో సిందూరం కలిపి బండి ముందు కూర్చున్నాను. మెడలాంటి గొట్టం, దాని మీద పెట్టె, పెట్టె మధ్యలో గుండ్రంగా మెరుస్తున్న చోటు. నుదురు అదేననుకుని నిండుగా పెట్టాను.

మనవరాలు తలెత్తకుండానే ఏదో నొక్కింది. బండి కదిలింది. దిబ్బవైపు పోలేదు. తిన్నగా వెళ్లి నా నీళ్ల డ్రమ్మును కుమ్మింది. వెనక్కి వచ్చి మళ్లీ దాన్నే కుమ్మింది.

మనవరాలు తలెత్తి చూసి కెవ్వుమంది. "మామ్మా! ఏటి సేసీసేవు? కంటికెట్టీసేవు! అది సూసేది దాంతోనే!"

"నుదుటిమీద కన్నేటే?"

పొడుగాటి కుర్రాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "దీదా, వీడు శివుడు. ఉన్నదే మూడో కన్ను" అన్నాడు బెంగాలీలో. వాళ్లకు దీదా అంటే మామ్మే.

మనవరాలు నవ్వలేదు. గుడ్డతో తుడిచేకొద్దీ నూనె పరుచుకుంటోంది. ఎండ దిబ్బ మీంచి జారిపోతోంది. నేను సిందూరం గిన్నె తీసి దూరంగా పెట్టేశాను.

బెంగాలీ అమ్మాయి బ్యాగులోంచి శానిటైజర్ తీసి, దూది తడిపి, ఓపిగ్గా తుడిచింది. అంచున మాత్రం కాస్త ఎరుపు మిగిలింది.

"ఆ గ్రహమే ఎరుపు కదా, నడిపించు" అన్నాడు పొడుగాటివాడు.

బండి దిబ్బ సగం ఎక్కి జారింది. మనవరాలు ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. అదే వెనక్కి తగ్గి, పక్కకు తిరిగి, ఇంకో దారిన పైకెక్కి, పచ్చ డబ్బా ముందు ఆగింది. ఈ పండగకు చుట్టుపక్కల మేడల మీద ఎగరేసే గాలిపటాలు తెగినప్పుడు అరిచే అరుపే పొడుగాటివాడు అరిచాడు: "భో కాట్టా!" వీడియో వెళ్లిపోయింది.

ఎంపికయ్యారు. పోటీకి బయల్దేరేముందు మనవరాలు బండిని మళ్లీ నా గుమ్మంలోకి తెచ్చింది.

"ఎట్టు మామ్మా."

"ఎక్కడే?"

"ఎనక సక్రానికి. నాను సూపిత్తాను, ఉండు."

దాని వేలు ఆగిన చోటే పెట్టాను. కొంచెమే పెట్టాను.