పేరు తెలియని మందు గులాబీలకే

సాల్మన్ నది ఒడ్డున హాల్వర్ టిగ్‌స్టాడ్ పేరు వినని వేటగాడు లేడు. నలభై ఒక్క ఏళ్లుగా రివాల్వరు తూటాల్లో తుపాకిమందు సొంత చేత్తో నింపుకుంటున్నాడు. జిల్లా గురి పందెంలో మూడుసార్లు మొదటివాడు, ఒకసారి రెండోవాడు. ఆ ఒక్కసారీ గాలి మోసం చేసింది గాని తూటా కాదు. చదువు ఎనిమిదో తరగతితో ఆగినా, మందు కొలతల పుస్తకం మాత్రం అట్టలూడేదాకా చదివాడు.

అలాంటివాడికి దొరికిన చెల్లెలి మొగుడు వెండెల్.

గురువారం పొద్దున వెండెల్ యాభై తూటాలు పట్టుకొచ్చి చూపించాడు. శనివారం పందెంలో అవే కాలుస్తాడట. హాల్వర్ నోటుపుస్తకంలోని కొలతే ఎత్తి రాసుకుని, అదే తూకం వేశాడట. కొట్లో ఆ మందు దొరక్క, పక్కనున్న డబ్బా తెచ్చుకున్నాడట.

"పేరులో ఒక్క అంకే తేడా బావా. రంగు కూడా అదే."

హాల్వర్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఉప్పూ పంచదారా రంగు కూడా ఒకటేనయ్యా. కాఫీలో ఏది వేసినా తాగుతావా?"

హాల్వర్‌ది నెమ్మదిగా మండే మందు, వెండెల్ తెచ్చింది భగ్గున మండేది. నెమ్మది మందు కొలతలో భగ్గుమనేది పోస్తే శనివారం రివాల్వరు వెండెల్ కుడిచేతిలోనే పగులుతుంది. ఏ మందు కొలత ఆ మందుదే, పుస్తకం చూసి తక్కువ నుంచి మొదలెట్టాలని చెల్లెలి పెళ్లయిన నాటి నుంచి పాతికసార్లు చెప్పాడు. వెండెల్ పాతికసార్లూ తలూపాడు. తలూపే పందెం పెడితే అతనికి ఎదురే లేదు.

ఇక చేసేదేముంది? తూటాల్లోంచి ఒక్కో గుండూ ఊడబీకి, మందంతా గిన్నెలోకి వంచి, హాల్వర్ భార్య ఆర్లిస్ పెంచుకునే గులాబీ పాదుల్లో చల్లించాడు. నమ్మకం లేని మందు మొక్కలకే ఎరువన్నది అతని మొదటి శాసనం. బల్లమీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలన్నది రెండోది.

సరైన మందు తానే పోసిస్తానని కూర్చున్నాడు. పోస్తున్నంతసేపూ నోరు ఆగలేదు. మూడు బహుమతులు, నలభై ఒక్క ఏళ్లు, ఒక్క గుండుకే కూలిన దున్నంత దుప్పి, మధ్యమధ్య వెండెల్‌కు తిట్లు. గుండు ఇంకా బిగించని ఇరవై ఇత్తడి తూటా గొట్టాలు నిండాయి.

"బావా, ఇందాక ఏ డబ్బా వంచావు?" వెండెల్ మెల్లగా అడిగాడు.

బల్లమీద రెండు డబ్బాలున్నాయి, తనదీ వెండెల్‌దీ. రెండింటికీ మూతలు లేవు. తిట్ల ఊపులో ఏది వంచాడో ఎంత తలగోక్కున్నా గుర్తురాలేదు. నాదే అన్న మాట నోటిదాకా వచ్చింది. వెండెల్ కుడిచేయి గొట్టాల పక్కనే ఉంది.

హాల్వర్ ఆ మాట మింగేశాడు. ఇరవై గొట్టాలూ గిన్నెలోకి వంచి, పాదుల దగ్గరికి నడిచాడు.

కలుపు తీస్తున్న ఆర్లిస్ తలెత్తింది. "ఇదీ వెండెల్‌దేనా?"

"నాది," అన్నాడు హాల్వర్, చల్లుతూ.

తిరిగొచ్చి వెండెల్ డబ్బా అటక మీద పెట్టి, నోరు మూసుకుని యాభై నింపాడు. శనివారం వెండెల్ తొమ్మిదోవాడిగా వచ్చాడు, పది వేళ్లతో. ఆ తొమ్మిదో స్థానం మాత్రం తూటాల తప్పు కాదని హాల్వర్ ఇప్పటికీ చెబుతుంటాడు.