పక్కింటి రైఫిల్ మీద ఎర్ర మరక

మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో మా పక్కింటి పెద్దావిడ ఒక శనివారం తలుపు కొట్టి, తన గరాజ్‌లో ఉన్న పాత రైఫిల్ ఎక్కడిదో చెప్పమంది. చనిపోయిన భర్త ఎప్పుడో సైన్యం పాత సామాన్లు అమ్మే మిలిటరీ సర్‌ప్లస్ దుకాణంలో కొన్నాడట. దాని మీద సింహాల ముద్ర ఇండియాదేనని ఎవరో చెప్పారట.

"చూడండి గానీ టచ్ చెయ్యకండి. వీసా మీద ఉన్నాం, గుర్తుందా?" అని మా ఆవిడ వెనకనుంచి వార్నింగ్ ఇచ్చింది.

చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లాను. కార్ల సీట్లు డిజైన్ చేసేవాడికి తుపాకుల సంగతి ఏం తెలుస్తుంది? ఇండియా వాణ్ణి కాబట్టి నాకు తెలిసే ఉంటుందని ఆవిడ అనుకున్నందుకు లోపల చిరాకుగానే ఉంది.

ముద్ర మన మూడు సింహాలదే. స్వతంత్రం వచ్చాక మా దేశంలోనే తయారై ఉంటుందని చెప్పాను. కానీ ఆవిడకు కావలసింది అది కాదు. వేలితో, చెక్క మడమ మీద ఎర్రటి మరక చూపించింది.

"ఇది రక్తమేనా? ఆయన ఉన్నన్నాళ్లూ అడగలేకపోయాను. రక్తమైతే సోమవారం పోలీసులకిచ్చి ముక్కలు చేయించేస్తాను. కానీ ఆయనకి ఇదంటే ప్రాణం. ఆ మరక ఒక్కటీ వదిలేసి, తక్కినదంతా తుడుచుకునేవాడు."

వంగి చూశాను. మూడు బొట్లు, ఒకే వరుసలో. చుట్టూ చెక్క గీతల్లో సన్నగా పసుపు. రక్తం ఎండితే నల్లబడుతుంది, ఇది ఇంకా ఎర్రగానే ఉంది. ఎక్కడి దసరా, ఎక్కడి మిషిగన్! నాకు నవ్వొచ్చింది.

"రక్తం కాదు, కుంకుమ. దసరాకి నేను మా కారుకి పెడతాను చూశారా, అదే. మేం పనిముట్లకీ ఆయుధాలకీ పూజ చేస్తాం."

"అయితే ఇది ఎవర్నీ చంపలేదన్నమాట," అంది ఆశగా.

అవునంటే సరిపోయేది. కానీ ఆ బొట్లు పెట్టిన సిపాయి మిగతా రోజుల్లో దాంతో ఏం చేశాడో నాకేం తెలుసు?

"అది నాకు తెలీదండీ. పూజ రోజు మాత్రం దాన్ని వాడరు. దణ్ణం పెట్టి పక్కన ఉంచుతారు."

ఆవిడ అరలోంచి భర్త వాడిన గుడ్డ తీసి, ఆ మూడు బొట్లనీ వదిలేసి, చెక్కని తుడవడం మొదలుపెట్టింది.