దుప్పటి మీద తెప్ప

నా పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. విడవలూరుకు తూర్పున, సముద్రం హోరు వినబడేంత దూరంలో ఒక మిషన్ బడి ఉందని, అందులో నేను పిల్లలకు పాఠాలు చెబుతానని తెలిస్తే చాలు. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదైంది. తెలిసినవాళ్లెవరికీ చెప్పలేక ఇన్నేళ్లు ఈ బరువు మోశాను. గుండెల మీద తిరగలి రాయి పెట్టుకుని పడుకుంటున్నట్టుంది. ఇక మోయలేను.

నేను ఎవరినీ చంపలేదు. ఎవరి సొమ్మూ తినలేదు. ఒక సినిమా నాకు నచ్చలేదు. అక్కడ మొదలైంది. నవ్వొస్తోందా? నాకూ మొదట్లో నవ్వే వచ్చింది.

మా హెడ్మాస్టరు గారు మద్రాసు వెళ్లి ఒక ఒరియా సినిమా చూసొచ్చారు. వచ్చిన రోజు నుంచి బడిలో ఇంకో మాట లేదు. ఎవరో నలుగురు స్నేహితులు, స్టూడియో లేకుండా, పేరున్న నటుడు ఒక్కడూ లేకుండా, సముద్రపొడ్డు పల్లెలో ఆ పల్లెవాళ్లనే పెట్టి తీశారట. మొహానికి రంగు లేదట. పాట లేదట. డాన్సు లేదట. "చూసినాక మూడు రోజులు అన్నం సయించలేదయ్యా" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పేవారు. ఎవరెవరినో బతిమాలి ఆ రీళ్లు మా ఊరికి తెప్పించారు. భక్తి బొమ్మలు చూపించడానికి మిషన్ నడిపే తెల్ల దొరగారి దగ్గర ప్రొజెక్టరు, జనరేటరు ఉండేవి. వాటితో మా పక్క పాలెం బెస్తవాళ్లకు ఈ సినిమా వేసి చూపించాలని ఆయన పట్టుదల. ఒరియా మాటలు వాళ్లకు తెలియవు కనుక, తెర పక్కన నిలబడి మైకులో తెలుగులో చెప్పే పని నాకు అప్పగించారు.

నాకే ఎందుకంటే, దొరగారి ప్రసంగాలకు తర్జుమా చెప్పేది నేనే. ఆయన ఇంగ్లీషులో ఒక మాట అంటే నేను తెలుగులో మూడు మాటలు చెప్పేవాణ్ణి. ఆయన చప్పగా చెప్పిన దానికి కాస్త ఉప్పూ కారం తగిలించేవాణ్ణి. జనం కళ్లు తుడుచుకునేవాళ్లు. దొరగారు తన వాగ్ధాటికే అనుకుని మురిసిపోయేవారు. నా నాలుక మీద నాకు అంత నమ్మకం ఉండేది. నేను మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ లేచిపోయిన పాపాన పోలేదు.

ముందు రోజు సాయంత్రం హెడ్మాస్టరు గారు తరగతి గదిలో నా ఒక్కడికీ ఆ సినిమా వేసి, కథ చెప్పారు. కథంటే ఎంత? ఒక జాలరి తెప్ప మీద వేటకు పోతాడు. తిరిగి రాడు. పెళ్లాం ఒడ్డున కూర్చుంటుంది. కూర్చునే ఉంటుంది. ఎండ కాస్తుంది, వాన కురుస్తుంది, ఒక కుక్క అటు నుంచి ఇటు పోతుంది. చివరికి ఒకనాడు ఆమె లేచి, గుంజకు ఆరేసిన మొగుడి వల తీసి, కడిగి, చినిగిన చోట కుట్టడం మొదలుపెడుతుంది. దూరంగా ఎవరిదో తెప్ప ఒకటి కనబడుతుంది. అయిపోయింది. నేను రెండుసార్లు కునుకు తీశాను. ఇంతేనా? దీనికా ఈయన మూడు రోజులు అన్నం మానింది? పక్కకు చూస్తే ఆయన కండువాతో కళ్లు తుడుచుకుంటున్నారు. "అద్భుతం సార్" అన్నాను. అది మొదటి అబద్ధం. పెద్దవారి మనసు కష్టపెట్టకూడదని చెప్పిన చిన్న అబద్ధం.

మర్నాడు బడి ఆవరణలో రెండు వెదుళ్లకు తెల్లదుప్పటి కట్టాం. పాలెం పాలెమంతా వచ్చి ఇసుకలో కూర్చుంది. హెడ్మాస్టరు గారు మైకు పట్టుకుని, ఇది కట్టుకథ కాదు, నిజంగా జరిగింది, ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు అని గట్టిగా చెప్పారు. ఇంట్లో బిడ్డకు జ్వరంగా ఉందని సినిమా మొదలు కాగానే వెళ్లిపోయారు. ఆయన ఉండి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదేమో.

మొదట అందరూ ఇష్టంగానే చూశారు. ఆ తెప్పల కట్టు మన కట్టు కాదే అని మొగవాళ్లు వాదించుకున్నారు. తర్వాత ఆమె ఒడ్డున కూర్చుంది. ఎంతసేపు కూర్చుంటుంది? పిల్లలు దుప్పటి మీదికి ఇసుక విసరసాగారు. ఈలలు మొదలయ్యాయి. వెనక ఆడవాళ్లు చెంగులు దులుపుకుని లేచారు. నేను మాట్లాడుతుండగా లేచిపోవడమా! చెవులు కాలిపోయాయి. అప్పుడు నా నోటికి ఒక మాట వచ్చింది. "మీరనుకుంటున్నట్టు అతను చావలేదు" అన్నాను. లేచినవాళ్లు నిలబడిపోయారు.

ఇక ఆగలేదు. అతన్ని ఓడవాళ్లు కాపాడారన్నాను. రంగూను తీసుకుపోయారన్నాను. అక్కడ కూలి చేస్తూ ఊరు తలుచుకుని ఏడుస్తున్నాడన్నాను. తెర మీద కుక్క నడిచిపోతుంటే, యజమాని బతికే ఉన్నాడని దానికి తెలుసు, అందుకే ఏడవడం లేదు చూడండి అన్నాను. పిల్లలు ఇసుక విసరడం మానేశారు. చివర ఆమె వల కడుగుతుంటే, మొగుడు వస్తున్నాడని సిద్ధం చేస్తోందన్నాను. దూరంగా తెప్ప కనబడగానే మైకులో గొంతెత్తి అరిచాను: "అదుగో, వచ్చినాడు!"

పాలెమంతా లేచి నిలబడింది. ఆడవాళ్లు ఏడ్చారు. ముసలివాళ్లు నా చేతులు పట్టుకున్నారు. నిజం చెప్పాలంటే, నా జన్మలో అంత సంతోషపడిన రోజు ఇంకోటి లేదు. మర్నాడు హెడ్మాస్టరు గారు అడిగితే, జనం బాగా మెచ్చుకున్నారని చెప్పాను. మంచి సినిమా జనానికి ఎక్కదన్న మాట ఒట్టిదని తేలిందయ్యా అని ఆయన పొంగిపోయారు.

అంతటితో ఆగితే అది కోతల మాస్టరు కథగా పోయేది.

మా వీధికి పోలమ్మ అని చేపలమ్మే ఆమె వచ్చేది. గట్టి మనిషి. నవ్వుతూ బేరమాడేది, నవ్వుతూనే తిట్టేది. అంతకు ముందు సంవత్సరం గాలివానలో ఆమె మొగుడు కొండయ్య తెప్పతో సహా పోయాడు. శవం దొరకలేదు. పాలెం పెద్దలు ఆమెకు మారుమనువు మాట్లాడారు. వాళ్లలో అది ఆచారమే. శీనయ్య అని పెళ్లాం పోయినవాడు, సొంత తెప్ప ఉన్నవాడు, తాగనివాడు. సినిమా తర్వాత వచ్చే శుక్రవారం పెద్దల ముందు అతను చీర పెట్టాలి, ఆమె పుచ్చుకోవాలి. మా ఆవిడ ఆమెను పెళ్లికూతురా అని ఆటపట్టించడం నేను చెవులారా విన్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

సినిమా వేసిన మర్నాడు ఆమె బడి వరండాలోకి వచ్చింది. నెత్తి మీద గంప లేదు. ఆమెను గంప లేకుండా చూడడం అదే మొదలు.

"అయ్యోరా, రాత్రి ఆ బొమ్మలో మనిషి నిజంగా తిరిగొచ్చినాడా?"

"హెడ్మాస్టరు గారు చెప్పినారు గదా, అంతా నిజమేనని."

"ఆయన మాట కాదు. దేవుడి వాక్యం చెప్పే నోరు మీది. మీరు చెప్పండి. వచ్చినాడా?"

"వచ్చినాడమ్మా."

"ఎన్నేళ్లకి?"

ఏం చెప్పాలి? ఆదివారం బడిలో పిల్లలకు చెప్పే బైబిలు కథల్లో కరువొస్తే ఏడేళ్లు, కొలువు చేస్తే ఏడేళ్లు. నాలుక చివర ఉన్న అంకె అదే.

"ఏడేళ్లకి."

"ఏడేగా!" అంది. మొహమంతా వెలిగిపోయింది. "ఏడంటే ఎంతలోకి? ఉంటాలే అయ్యోరా."

ఆమె మెట్లు దిగేదాకా నాకు సమయం ఉంది. పోలమ్మా, ఆగు, అది నేను కల్పించింది అంటే చాలు. ఒక్క ఊపిరి పట్టే మాట. ఎందుకు అనలేదు? ఆమె సంతోషం చెడగొట్టలేకనా? చాలా ఏళ్లు అలాగే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. నేను మోసగాణ్ణని పాలెమంతటికీ తెలుస్తుందని భయపడ్డాను, ముందు రాత్రి నా చేతులు పట్టుకున్న ముసలివాళ్లు ఉమ్మేస్తారని, హెడ్మాస్టరు గారి ముందు తల ఎత్తుకోలేనని భయపడ్డాను, ఆ భయానికి జాలి అని పేరు పెట్టుకున్నాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ పిల్లిని నేనే.

శుక్రవారం పెద్దలు కూర్చున్నారు. పోలమ్మ చీర పుచ్చుకోలేదు. శీనయ్య ఒక ఏడాది ఆగి చూసి, ఇంకో పాలెం నుంచి మనువు తెచ్చుకున్నాడు. అతని కూతురు ఇప్పుడు నా తరగతిలోనే కూర్చుంటుంది. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర తల ఎత్తను.

పోలమ్మ అటు ముత్తైదువా కాదు, ఇటు విధవా కాదు. చేతికి గాజులు, నొసట బొట్టు అలాగే ఉంచుకుంది. పేరంటాలకు ఎవరూ పిలవరు. పాలెం ఆడవాళ్లు చాటున నవ్వుతారు, కొందరు ఎదుటే నవ్వుతారు. గుడిసె మీద తాటాకు మార్చే దిక్కు లేదు. ఒక వానాకాలం జ్వరంతో మూలుగుతూ పడి ఉంటే మా ఆవిడ గంజి కాచి తీసుకుపోయింది. నేనేం చేశానో తెలుసా? ఆమె దగ్గర బేరమాడకుండా చేపలు కొన్నాను. అదీ నా ప్రాయశ్చిత్తం. రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

చర్చిలో సాక్ష్యాల కూటాల్లో లేచి పాపాలు ఒప్పుకున్నాను. కోపం వస్తుందని ఒప్పుకున్నాను, చాటుగా ముక్కుపొడుం పీలుస్తానని ఒప్పుకున్నాను. అందరూ స్తోత్రం అన్నారు. ఈ ఒక్కటి మాత్రం గొంతు దాటి రాలేదు.

ఏడో ఏడు వచ్చింది. నేను సెలవు పెట్టి సూళ్లూరుపేటలో మా అక్క ఇంటికి పారిపోయాను. అక్కడ అన్నం ముందు కూర్చుంటే, పోలమ్మ కొత్త చీర కట్టుకుని ఒడ్డున నిలబడి ఉంటుందన్న ఊహ వచ్చి ముద్ద దిగలేదు. తిరిగొచ్చాక తెలిసింది, నిజంగానే నిలబడిందట. నన్ను చూడగానే తనే నన్ను ఓదార్చింది. "వాళ్ల సముద్రం వేరు, మన సముద్రం వేరు గదయ్యోరా. మనకి ఇంకొంచెం పడుతుందేమో." నేను తల ఊపాను. దేవుడా, తల ఊపాను! మొదటిసారి నాలుకతో చేసిన పాపం రెండోసారి మెడతో చేశాను.

అప్పటికైనా చెప్పవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అడుక్కున్నాను. చెబితే ఆ ఏడేళ్లు ఏమవుతాయి? ఎవరి లెక్కలో వేసుకుంటుంది వాటిని? చెప్పకపోతే ఇంకో ఏడు. చెప్పినా చంపడమే, చెప్పకపోయినా చంపడమే. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను, ఆ కొట్టుకోవడంలోనే ఇంకా ఏళ్లు గడిచాయి.

ఈ మధ్య నాకు ఆ సినిమా తరచు గుర్తొస్తోంది. కునుకు తీస్తూ చూసినది ఇంత స్పష్టంగా ఎలా గుర్తుందో తెలియదు. ఆమె లేస్తుంది. మొగుడు రాడని తెలిసి లేస్తుంది. వల కడుక్కుంటుంది, తన పొట్ట కోసం తను కుట్టుకుంటుంది. ఏమీ జరగని సినిమా అనుకున్నాను. ఆమె లేచింది కదా! హెడ్మాస్టరు గారికి అన్నం సయించనిది అందుకే. ఆ రాత్రి పోలమ్మ ఇసుకలో కూర్చుని చూసింది తనలాంటి ఒక మనిషి లేవడాన్ని. నేను నోరు మూసుకుని ఉంటే, ఒక్క మాట తెలుగులో చెప్పకుండా మైకు కింద పెట్టేసి ఉంటే, ఆమెకు అది అర్థమై ఉండేది. శుక్రవారం చీర పుచ్చుకునేది. దుప్పటి మీద ఉన్న నిజాన్ని నా గొంతుతో కప్పేశాను. హెడ్మాస్టరు గారు కిందటేడు పోయారు. తన సినిమా పాలెం వాళ్లకు నచ్చిందన్న తృప్తితోనే పోయారు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మొన్న పోలమ్మ మా ఇంటికి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. వెంట చిన్న వయసు పిల్ల ఒకతె, ఆ పిల్ల చంకలో పాలు తాగే బిడ్డ. ఈ ఏటి గాలివానకు ఆ పిల్ల మొగుడు సముద్రంలో పోయాడు. వాళ్ల పెద్దలు మనువు మాట్లాడుతున్నారట.

"ఆ బొమ్మ కథ ఈ పిల్లకి కూడా ఒక్కసారి చెప్పండయ్యోరా," అంది పోలమ్మ. "నేను చెబితే నమ్మకుండా ఉంది."

ఆ పిల్ల నా నోటి వంకే చూస్తోంది. తలనొప్పిగా ఉంది, ఆదివారం ఆరాధన అయ్యాక రమ్మన్నాను. రేపే ఆదివారం.

రేపు నా నోరు ఏం చెబుతుందో నాకు తెలియదు. దాన్ని నేను నమ్మను. పోలమ్మ నా మొహాన ఉమ్మినా సరే, గుండె పగిలి అక్కడే కూలిపోయినా సరే, ఆ పిల్లనైనా ఒడ్డున కూర్చోబెట్టకూడదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఏడో ఏట కూడా ఇలాగే ఎన్నో అనుకున్నాను. అందుకని ముందు చేత్తో రాసి చూసుకుంటున్నాను. నోటికి రాని మాట చేతికైనా వస్తుందేమోనని. మీరు నన్ను క్షమించకండి, ఆ హక్కు మీది కాదు. చదవండి చాలు.

ఆ తెప్పలో ఉన్నది ఆమె మొగుడు కాదు. ఎవరో జాలర్లు, చేపలు పట్టుకుని ఇళ్లకు పోతున్నారు. అతను రాలేదు. పోలమ్మా, అతను రాలేదు.